రత్నాకర్ ఎంట్రీ సీను

అద్దం కనిపిస్తే చాలు, రత్నాకర్ ఆగి తల దువ్వుకుంటాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అతను పనిచేసే వడ్రంగి కార్ఖానాకు బీరువాల అద్దాలు దిగిన రోజున ఇక పని సాగినట్టేనని ఫోర్‌మన్ తల పట్టుకుంటాడు. కోరుట్ల పక్క పల్లెలో పుట్టిన ఈ మనిషికి తనలో ఒక హీరో దాగి ఉన్నాడని చిన్నప్పటి నుంచీ గట్టి నమ్మకం. ఊళ్ళో ఆ నమ్మకం మేనమామ పోచన్నకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు.

పోచన్న అప్పటికే దుబాయ్‌లో ఉన్నాడు. షార్జా అయినా అబుదాబి అయినా వాళ్ళ ఊరివాళ్ళకు దుబాయే. ఇంటర్ తప్పి బస్టాండు దగ్గర తిరుగుతున్న మేనల్లుణ్ణి చూసి, అక్క బాలవ్వ బాధ చూడలేక, కఫీల్ అనే అక్కడి స్పాన్సర్ కాళ్ళావేళ్ళా పడి వీసా తెప్పించాడు. వచ్చిన కొత్తలో రత్నాకర్‌కు రంపం పట్టుకోవడం కూడా రాదు. వెనక్కి పంపేస్తానని ముదీర్, అంటే మేనేజరు, గుడ్లురిమితే, "నా అల్లుడు సాబ్, నా జిమ్మేదారి" అని పోచన్న అడ్డం నిలబడ్డాడు. అల్లుడి వంతు చెక్కలు కూడా తానే కోశాడు. కరోనా రోజుల్లో రత్నాకర్ జ్వరంతో పడుకుంటే కూలీలు ఉండే క్యాంపు మొత్తం ఆమడ దూరం జరిగింది. గది లోపలికి వచ్చి, తల కింద చెయ్యి వేసి లేపి, గంజి తాగించింది ఆ మామే. ఇదంతా రత్నాకర్‌కు తెలుసు. తెలిసీ ఆ ఆదివారం అలా చేశాడు కాబట్టే అతని గురించి చెప్పాల్సి వస్తోంది.

కరోనా తగ్గిన కొన్నాళ్ళకు కార్ఖానాకు సినిమా వాళ్ళు వచ్చారు. వాళ్ళ సెట్టుకు గోడంత చెక్క చట్రం ఒకటి కావాలి. డైరెక్టర్ బొంబాయి నుంచి వచ్చిన ఆవిడ. చట్రం కొలతలు చూసుకోవలసింది పోయి, రంపప్పొట్టు దులుపుకుంటున్న రత్నాకర్ మొహం వంక చూసింది. "యాక్టింగ్ కరోగే?" అని అడిగింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది.

ఆ సినిమా కథ ఇది. పెద్ద గ్యాలరీలో గోడంత చట్రంలో గీసిన నల్లటి బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని తాకినవాణ్ణి అది మింగేస్తుంది. మనిషిని మింగినప్పుడల్లా దాని మీద ఒక కొత్త రంగు తేలుతుంది, రంగు తేలినప్పుడల్లా ధర పెరుగుతుంది. ఆ కిటుకు కనిపెట్టిన గ్యాలరీ యజమానురాలు, "కొంచెం దుమ్ము తుడిచిరా నాయనా" అంటూ పనివాళ్ళను ఒక్కొక్కరినే పంపుతూ ఉంటుంది. బొమ్మల పేరుతో కోట్లు చేతులు మార్చుకునేవాళ్ళను వెక్కిరించే దయ్యాల సినిమా అన్నమాట. అందులో బొమ్మ మొట్టమొదట మింగే కూలీ మన రత్నాకర్. అతని యూనిఫాం నీలమే బొమ్మ మీద తేలే తొలి రంగు.

"నాతోనే సినిమా షురూ అయితది" అని రత్నాకర్ క్యాంపంతా చాటాడు. అది అబద్ధం కాదు. షురూ అయిన కాసేపటికే తాను చస్తానన్న సంగతి మాత్రం చెప్పలేదు.

దుబాయ్ అల్ కూజ్‌లో పాత గోదాములను బొమ్మల కొట్లుగా మార్చిన వీధి ఒకటుంది. అక్కడే ఒక చిన్న హాల్లో ఆ ఆదివారం సినిమా వేస్తున్నారు. వచ్చేవాళ్ళంతా ఆ బొమ్మలు గీసేవాళ్ళు, కొనేవాళ్ళు, వాటి మీద రాసేవాళ్ళు. నటించినవాళ్ళు తమవాళ్ళను తెచ్చుకోవచ్చని డైరెక్టరమ్మ చెప్పింది. రత్నాకర్ వెనకా ముందూ చూడకుండా క్యాంపులో మనవాళ్ళందరినీ రమ్మన్నాడు. తాను మాత్రం ఎరువు తెచ్చుకున్న కోటు వేసుకుని, సినిమా వాళ్ళ కారులో ముందే వెళ్ళిపోయాడు.

క్యాంపు వాళ్ళు కంపెనీ బస్సులో ఇస్త్రీ చొక్కాలతో, అత్తరు ఘాటుతో దిగారు. మనవైపు హీరో సినిమా విడుదలైతే జరగాల్సిన మర్యాదలు కొన్ని ఉంటాయి కదా! పోచన్న పక్క మంచం నరేశ్ వాటిలో ఏ లోటూ రానివ్వలేదు. నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. ఎవరిదో సూటు మీద రత్నాకర్ తలకాయ, దానికి నల్ల కళ్ళద్దాలు. కన్నతల్లి కూడా గుర్తుపట్టనంతగా ఫోటోకు తెలుపు పట్టించారు. కింద వరసగా చిన్న చిన్న గుండ్రాల్లో క్యాంపు వాళ్ళందరి మొహాలు. పైన తెలుగులో "మా రత్నాకర్ అన్నకు శుభాకాంక్షలు". దాన్ని తెచ్చి హాలు గేటు కమ్మీలకు కట్టేశారు.

లోపలికి పోయే పెద్దమనుషులు ఆగి, తలలు పక్కకు వంచి ఫ్లెక్సీని చూశారు. అది కూడా అమ్మకానికి పెట్టిన కళాఖండం అనుకున్నారు. ఒకావిడ ధర ఎంతని అడిగింది. అద్దాల తలుపు వెనక నుంచి చూస్తున్న రత్నాకర్‌కు మొదట ఛాతీ పొంగింది. అంతలో ఇద్దరు అమ్మాయిలు ఫ్లెక్సీ పక్కన నిలబడి, అందులో ఉన్నట్టే నడుం మీద చెయ్యి పెట్టి ఫోటో దిగి, నవ్వాపుకోలేక ఒకరి మీద ఒకరు వాలిపోయారు. వాళ్ళు లోపలికి వస్తూ, "అందులో ఉన్నది ఎవరు?" అని హిందీలో అతన్నే అడిగారు. రత్నాకర్ తెలియదన్నట్టు తలూపాడు. అక్కణ్ణించి బయటికి పోకుండా, మామను పలకరించకుండా, ముందు వరసలో పోయి కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. తెర మీద రత్నాకర్ నిచ్చెన మోసుకుంటూ వచ్చాడు. వెనక వరసలో ఈలలు! కాగితం ముక్కలు గాల్లోకి లేచి, ముందున్నవాళ్ళ నున్నటి జుట్ల మీద పడ్డాయి. తలలన్నీ గిర్రున వెనక్కి తిరిగాయి. అంతలో బొమ్మలో రత్నాకర్ చెయ్యి ఇరుక్కుంది. యజమానురాలు అతన్ని పట్టించుకోకుండా, విందులోకి ఏ పూలు పెట్టించాలో ఫోనులో మాట్లాడుతూ ఉంది. అది నవ్వాల్సిన చోటు. హాలు నవ్వింది. ఆ నవ్వుల మధ్య నుంచి ఒక్క గొంతు లేచింది.

"రత్నం! చెయ్యి గుంజుకో బిడ్డా! ఎన్కకు రారా!"

పోచన్న లేచి తెర వైపు రాబోయాడు. నరేశ్ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. హాలు ఇంకా గట్టిగా నవ్వింది. తెర మీద నీలం రంగు తేలింది, వచ్చినవాళ్ళంతా "ఆహా, ఏం నీలం!" అని మురిసిపోయారు. వెనక నుంచి పోచన్న ముక్కు చీదుకోవడం వినిపించింది. కథ అని తెలియక కాదు. ఆ పేరున్న పిల్లవాడు ఏ గోడలో కూరుకుపోయినా ఆయన ప్రాణం ఆగదు.

రత్నాకర్‌కు చెవులు కాలిపోయాయి. నేల చీలితే అందులో దూరిపోదామనిపించింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. తన చావుకు ఆ హాల్లో ఏడ్చినవాడు ఒక్కడే ఉన్నాడని అతనికి తెలుస్తూనే ఉంది. ఆ ఒక్కడి మీదే అతనికి మండింది కూడా.

దీపాలు వెలిగాక నటించినవాళ్ళందరినీ వేదిక మీద నిలబెట్టారు. ఎలా ఉందో చెప్పమని చూసినవాళ్ళకు మైకు తిప్పారు. ఒక పెద్దమనిషి కాలు మీద కాలు వేసుకుని, "మమ్మల్ని మేమే చూసుకున్నాం. చాలా సిగ్గనిపించింది" అని చిరునవ్వుతో సెలవిచ్చాడు. నిజంగా సిగ్గుపడ్డవాడికి మైకులో అంత స్పష్టంగా మాట రాదు. అక్కడితో ఊరుకోలేదాయన. "అన్నిటికన్నా గొప్ప ఆలోచన ఆ వెనక వరస. కూలీలను తెచ్చి కూర్చోబెట్టి అరిపించారు చూడండి, అద్భుతం" అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు.

డైరెక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. రత్నాకర్ వైపు తిరిగి, "వో ఆప్‌కే లోగ్ హై క్యా?" అంటూ వాళ్ళు మీవాళ్ళేనా అని అడిగి మైకు అతని నోటి ముందు పెట్టింది.

వెనక వరసలో అందరూ నిటారుగా కూర్చున్నారు. నరేశ్ ఈల వేయడానికి రెండు వేళ్ళూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నై మేడం" అన్నాడు రత్నాకర్. "కౌన్ హై, మాలూమ్ నై."

మైకు కదా, మాట హాలంతా వినిపించింది. నరేశ్ వేళ్ళు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. అంతలో మైకు పట్టుకున్న అమ్మాయి వెనక వరసకు పోయి, సినిమాలో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పోచన్ననే అడిగింది. పోచన్న లేచి నిలబడ్డాడు. వేదిక వైపు చూశాడు. రత్నాకర్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"కోయీ నై మేడం. హమ్ కిసీకో నై జాన్తే. ముఫత్ సినిమా బోలే తో ఆగయే. గల్తీ హుయే తో మాఫ్ కరో" అని, తామక్కడ ఎవరినీ ఎరగమన్నట్టు పోచన్న చేతులు జోడించాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

తర్వాత విందు జరిగింది. రత్నాకర్ చేతికి పళ్ళెం ఇచ్చారు గాని, అలాగే బల్ల మీద పెట్టేశాడు. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఫ్లెక్సీ లేదు. బస్సు మాత్రం అతని కోసమే ఆగి ఉంది. ఎక్కాడు. నరేశ్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. పోచన్న పక్కకు జరిగి చోటిచ్చి, "తిన్నవా?" అని అడిగాడు. అందరి ముందూ లాగి చెంప మీద కొట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు రత్నాకర్.

అల్ కూజ్ దాటకముందే ఊరి నుంచి బాలవ్వ ఫోను. రంపం మిషన్ల మోతకు పోచన్నకు చెవులు మందగించాయి. ఆయన ఫోను ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"ఏమాయె తమ్మీ? సిన్మ ఎట్లుంది? నా కొడుకు ఎట్ల జేసిండు?"

"మస్తు జేసిండక్కా. ఆల్ మొత్తం సప్పట్లు. స్టేజి మీదికి పిలిచి మైకు గూడ ఇచ్చిండ్రు. గీ పిలగాడు ఎవ్వలోడు అని అడిగిండ్రు. నేను లేచి మావోడే, మా అక్క కొడుకే అని చెప్పిన."

"మంచిగ చెప్పినవ్ తమ్మీ. గంతమంది దొరలల్ల లేచి చెప్పుడంటె మాటలా? ఏడి వాడు, వానికియ్యి."

పోచన్న ఫోను అల్లుడి చేతిలో పెట్టాడు.

"మామ నిన్ను మావోడన్నడట గదరా బిడ్డా" అంది బాలవ్వ. "మరి నువ్వేమన్నవ్ మామను?"

నరేశ్ కిటికీ వైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. బస్సులో అందరూ వింటున్నారు. రత్నాకర్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోగలడు, మాటకారే. కాని ఆ పూట అబద్ధం చెప్పలేదు.

"తెల్వదన్ననే అమ్మా" అన్నాడు. "గీళ్ళెవ్వలో నాకు తెల్వదన్న. మైకుల అన్న."

అవతల బాలవ్వ నవ్వింది.

"గది సిన్మల మాటనారా?"

రత్నాకర్ నోరు తెరిచేలోపే పోచన్న ఫోను మీదికి వంగాడు.

"ఔ అక్కా" అన్నాడు. "సిన్మల మాటనే."