కాయని చెట్టుకూ ఒకటి

అయ్యా, నా రాత బాగుండదు, తప్పులుంటాయి, మన్నించండి. నన్ను ఐదో తరగతితో బడి మాన్పించారు. మా చిన్నమామయ్యగారు, అంటే మావారి బాబాయి, విస్సన్నపేట నుంచి బస్సులో వస్తూ గుండె ఆగి పోయారు. మీ ఆఫీసులో సంతాపసభ ఉంది, ఇంట్లోవాళ్లు నాలుగు మాటలు రాసి పంపమని కబురు చేశారు. మావారు "ఎవరు రాస్తార్లే" అన్నారు. నేను చాటుగా రాస్తున్నాను.

మామిడి కాపు లెక్కలు కట్టడం ఆయన ఉద్యోగమని మీకు తెలుసు. ఇంట్లోనూ అదే పని. అరుగు మీద కూర్చుని, లుంగీ అంచుతో కళ్లజోడు తుడుచుకుంటూ లాగ్ టేబుళ్ల పుస్తకం తిరగేసేవారు. కాఫీ పెట్టేసి తలుపు చాటుకు పోతుంటే ఒకనాడు పిలిచారు. నా ముగ్గు గిన్నె అడిగి, గచ్చు మీద చుక్కలు పెట్టారు. చెట్టుకొక చుక్క, ఎన్ని కాయలు కాస్తే అంత దూరంలో. తక్కువ కాసినవన్నీ ఒకచోట గుంపుగా పడ్డాయి. విరగకాసిన నాలుగు మాత్రం ఎక్కడో దూరంగా, బల్లితోకలా.

"చూడమ్మా, ఈ నాలుగూ సగటుని తమవైపు ఈడ్చుకుపోతాయి. తోటంతా బాగా కాసిందని అబద్ధం చెప్పిస్తాయి. అందుకే నేను కాయల్ని కాదు, మెట్లని లెక్కపెడతాను. కాపు రెట్టింపైతే ఒక మెట్టు. వంద రెండొందలైనా ఒకటే మెట్టు, వెయ్యి రెండువేలైనా ఒకటే."

ఈసారి మెట్ల లెక్కన మళ్లీ చుక్కలు పెట్టారు. తోక ముడుచుకుంది. కళ్లంలో ధాన్యపు రాశిలా నడుమ ఎత్తుగా, రెండువైపులా వాలుగా వచ్చింది.

ఎలా పెగిలిందో నా నోరు. "కాయని చెట్టు ఏ మెట్టు మీదుంటుందండీ?"

ఆయన చేతిలో ముగ్గు ఆగిపోయింది. నా కడుపు పండలేదని ఊరందరికీ తెలుసు.

"సున్నాకి మెట్టు లేదమ్మా. అందుకని ముందే అన్ని చెట్లకీ ఒక్కో కాయ కలుపుతాం. అప్పుడు దానికీ నిలబడ్డానికి చోటుంటుంది. ఈ ఏడు కాయనంత మాత్రాన తోటలో లేనట్టు కాదుగా."

మా ఆడపడుచు సీమంతంలో అత్తయ్య కుంకుమ భరిణెతో నన్ను దాటి పోయింది. అరుగు మీంచి ఆయన, "వదినా, ఒకరిని వదిలేశావు. లెక్క తప్పింది" అన్నారు.

"చెట్ల లెక్కలు నువ్వు చూసుకోవయ్యా, పేరంటం సంగతి నాకు తెలుసు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. గుమ్మంలోకొచ్చి నిలబడి, నా నుదుట బొట్టు పెట్టేదాకా కదల్లేదు.

పూత మాడిపోయిన ఏడు మీ పెద్దాఫీసరు, "సున్నాలతో చికాకెందుకు, తీసెయ్యవయ్యా" అన్నారట. ఆయన కాదన్నా తీసేశారు. మిగిలిన చెట్లకి సగటు కడితే మా వైపు కాపు భేషుగ్గా తేలింది. మాడిన తోటలవాళ్లకి ఏ సాయమూ రాలేదు. ఆరోజు ఆయన అన్నం కలపకుండానే లేచారు. "ఉన్నవాళ్లని లేరని రాశాం" అన్నారు. ఆయన మాట తోసేసిన చేతులే ఇవాళ ఆయన ఫోటోకి దండ వేస్తాయి. వెయ్యండి. పోయినవాళ్లు అడ్డు చెప్పరు.

నిన్న మీ మనుషులు మా తోటకొచ్చారు. కాసిన చెట్టు దగ్గరల్లా ఆగి సుద్దతో గీత గీశారు. కాయనివాటిని చూడకుండా నడిచిపోయారు. అలాంటి ఒక చెట్టు కింద పుల్లలేరుకుంటున్నాను నేను. నన్నూ దాటి పోయారు.

ఇది సభలో చదవకండి, అత్తయ్య చెవిన పడుతుంది. కాల్చెయ్యండి. ఎవరైనా అడిగితే, ఆ ఇంటినుంచి ఏమీ రాలేదని చెప్పండి.