తుఫాను మీద బొటనవేలు

మైపాడులో మా బావమరిది మంగళవారం ఉదయం కన్నుమూశాడు. హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. సంతాపసభలో మైకు పట్టుకుని ‘ముందే చెప్పిన మహానుభావుడు’ అన్నవాళ్లలో, తుఫాను నిజంగా వచ్చిన ఏడాది అతను చెప్పినప్పుడు విన్నవాడు ఒక్కడూ లేడు. నేనూ వినలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వాయుగుండం పుట్టిందంటే చాలు, ఉపగ్రహం తీసిన చిత్రాలను నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకొచ్చేవాడు. మేఘాల అంచులు పెన్సిలుతో దిద్ది, తుఫానును బొటనవేలితో కప్పేసేవాడు.

“అసలుదాన్నే దాచేస్తే ఇంకేం చూడమంటావయ్యా?” అన్నాను ఒకసారి.

“దాని మొహం అందరూ చూస్తారు బావా. దాని చుట్టూ ఏముండాదో చూడు. ఉత్తరాన గాలి అడ్డం నిలబడితే మన మీదికొస్తాది. పడమటి నుంచి పొడిగాలి దూరిందా, సముద్రంలోనే చస్తాది.”

ఒక ఏడాది అతని మాట మీద పడవలన్నీ ఒడ్డెక్కాయి. చివరి రోజు పొడిగాలి దూరింది. తుఫాను సముద్రంలోనే ఆరిపోయి, ఊళ్లో ఎండ కాసింది. వేట పోయిందని అందరూ తిట్టుకున్నారు. నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో నేను స్థానిక పత్రికలో ‘బొటనవేలి జోస్యం’ అని వెటకారం రాశాను. ఊరంతా చదివి నవ్వింది.

అతనూ చదివాడు. “బాగా రాసినావు బావా. నాకూ నవ్వొచ్చింది,” అన్నాడు.

మరుసటి ఏడాది మళ్లీ ప్రింటు పట్టుకుని పడవల దగ్గరికి వెళ్లాడు. ఈసారి పొడిగాలి జాడ లేదు. ఉత్తరం దారి మూసుకుపోయింది. నేనూ పక్కనే ఉన్నాను.

“ఎండకి గొడుగు తెచ్చుకోమంటావా సారూ?” అన్నాడో పడవ యజమాని. “ఇదో, మీ బావగారే పేపర్లో రాసినాడు గదా!”

నవ్వులు. నేను రాసింది తప్పు అని అక్కడే ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

రెండో రోజు తుఫాను ఊరి మీదే పడింది, ఆ పడవలు చెక్కలయ్యాయి. అతను నవ్వినవాళ్ల ఇళ్లకే వెళ్లి, వాళ్లతో కూర్చుని చిక్కుపడ్డ వలలు విడదీశాడు. నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మాటలతోనే బతికినవాణ్ణి, క్షమించమనడానికి మాట దొరక్క ఇన్నేళ్లు గడిపాను.

నిన్న అతని భార్య ప్రింట్ల కట్ట నా చేతికిచ్చింది. “నీకే ఇమ్మన్నాడన్నా.”

పైన ఉన్నది పడవలు చెక్కలైన ఏటిదే. తుఫాను ఉండాల్సిన చోట పెన్సిలు మసి అంటిన అతని వేలిముద్ర. తాకితే చెరిగిపోతుందని, చుట్టూ ఉన్న మేఘాలనే చూస్తున్నాను.