సందెవేళ పేరు పెట్టి పిలిస్తే...

మా చిన్నప్పుడు అరబ్బు దేశంలో, దార్సైట్‌లో మా ఫ్లాట్ వెనక అన్నీ నల్లరాతి గుట్టలే... సందె దీపం పెట్టే వేళకి వాటి మీద ఎండ పోయేది, పక్క బాల్కనీలోంచి పిలుపు మొదలయ్యేది. ముసలి గొంతు. సాగదీసి ఒక పేరు పిలిచి ఆగేది... గుట్ట ఆ పేరునే తిప్పి పంపేది. మళ్లీ ఇంకో పేరు.

ఆమె ద్రానా అవ్వ. అల్బేనియా నుంచి వచ్చింది. కొడుకు మా బాపు వాళ్ల కంపెనీలోనే ఇంజనీరు. ఎప్పుడూ నల్ల రుమాలు కట్టుకునేది. ఆమె పిలిచేది ఎవరినో మాకు తెలియదు. నేనూ తమ్ముడూ చెవులు మూసుకుని లోపలికి పరుగో పరుగు...

ఒక రోజు ఆ పేర్లన్నీ అయ్యాక, "సు...జా...తా..." అంది.

అది మా అమ్మ పేరు!

అమ్మ చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. "పలుకొద్దు బిడ్డా! సందెల్ల పేరువెట్టి పిలిస్తే ఓ అనొద్దు... ఏదన్న ఎంబడి వస్తది" అని మా నోళ్లు మూసి, బాల్కనీ తలుపు గడియ పెట్టేసింది. అవ్వ మళ్లీ పిలిచింది. మళ్లీ... మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

కాసేపటికి గుమ్మం బయట ఏడుపు. రాగం తీస్తూ, గుండెలు బాదుకుంటూ... మధ్యమధ్యలో అమ్మ పేరు. బాపు తలుపు తీస్తే ద్రానా అవ్వ, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి. లోపల అమ్మని చూడగానే కొవ్వొత్తి జారవిడిచింది.

"బతికున్నదాన్ని వట్టుకొని ఏడుస్తవేందవ్వా! నా పిల్లలు ఏం గావాలె!" అమ్మ మా ఇద్దరినీ కొంగులోకి లాక్కుంది.

అవ్వ కొడుకు పరుగున వచ్చి, సైట్‌లో నేర్చుకున్న హిందీలో బాపుకి చెప్పుకొచ్చాడు. వాళ్లది కొండల్లో చిన్న ఊరు. ఇళ్ల మధ్య లోయలు. మంచు పడితే గడప దాటలేరు. అందుకని సందెకి ఒకరు అన్ని ఇళ్లనూ పేరుపేరునా పిలుస్తారట. ప్రతి ఇల్లూ పలకాలి. పలకలేదంటే ఆ ఇంట్లో చావే... పక్కింటివాళ్లు కొవ్వొత్తి పట్టుకుని బయలుదేరాల్సిందే. తర్వాత వాళ్ల దేశం సరిహద్దులు తెరిచాక ఒక్కో కుటుంబమే ఇటలీకో గ్రీసుకో వెళ్లిపోయింది. చివరికి పిలిచే అవ్వ మిగిలింది, పలికేవాళ్లు లేరు.

"ఊరు ఖాళీ అయిందంటే వినదు భాయ్... ఒక్క ఇల్లు పలికినా ఊరు బతికున్నట్టే అంటుంది. అందుకే మీ ఇంటిని కూడా కలుపుకుంది."

అమ్మ మా ఇద్దరికీ దిష్టి తీసి పడేసింది. మర్నాడు సందెకి మళ్లీ అదే పిలుపు. అమ్మ దేవుడి పటాలకి దండం పెట్టుకుని, బాల్కనీలోకి వెళ్లి, "ఓ... అవ్వా! ఉన్న!" అని గట్టిగా పలికింది. పక్కన అవ్వ నవ్వు వినిపించింది. అమ్మకి భయం పోలేదు, కానీ పలకడం ఒక్కరోజూ మానలేదు. ఆ విషయంలో మా అమ్మంటే నాకు ఇప్పటికీ గర్వం.

కొన్నాళ్లకి ఒక సందె... పిలుపు రాలేదు. అమ్మ చాలాసేపు చూసి, తనే పిలిచింది. "ద్రా...నా... అవ్వా..." గుట్ట ఒక్కటే పలికింది. అమ్మ వెలుగుతున్న దీపం చేత్తో పట్టుకుని, చెప్పులైనా లేకుండా పక్క ఫ్లాట్‌కి నడిచింది. అవ్వ కుర్చీలో గుట్టల వైపు తిరిగి కూర్చునే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి... ఊపిరి లేదు.

ఇప్పుడు అమ్మ కూడా లేదు. నేను అదే దేశంలో ఇంకో ఊరు, సోహార్‌లో ఉంటున్నా. మొన్న పని మీద దార్సైట్ వచ్చి, ఆ బిల్డింగ్ వెనక కారు ఆపాను. సందె పడుతోంది. బాల్కనీల్లో ఒక్క మనిషి లేడు, ఏసీల రొద తప్ప...

అప్పుడు గుట్టల మీద నుంచి పేర్లు. ఒక్కొక్కటే. ముసలి గొంతు... ఆ తర్వాత నా పేరు. అది మాత్రం అమ్మ గొంతు. పలుకొద్దు బిడ్డా అని నా నోరు మూసిన గొంతే...

కారు తిప్పి వెళ్లిపోదామనుకున్నా. అయినా, "ఓ... అమ్మా! ఉన్నా!" అన్నాను.

ఇప్పుడు పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో కూడా తెలియదు మనకి... మిమ్మల్ని సందెవేళ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల పేరు కింద రాయండి. ముందు మాత్రం... పలకండి.