సున్నాల దారిలో నూటపదహారు

తణుకులో ఇంటర్నెట్ సెంటర్ తెరిచిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. గది మా బావగారిది, అంటే మా ఆవిడ అన్నగారిది. "ఈపూటకల్లా ఇంటర్నెట్టు ఆడకపోతే గది ఎరువుల కొట్టుకి ఇచ్చేస్తానండి బావగారూ" అని ముందే చెప్పేశారు. ఆ ఎరువుల కొట్టాయన పిలవకుండానే వచ్చి, ముందు కుర్చీలో కూర్చుని, బస్తాలు ఎన్ని పడతాయో గోడలకేసి చూసుకుంటున్నాడు.

నేను కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి కాను. కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చి ఒకటి పాతది కొని, దాని ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అది మామూలు స్విచ్చి కాదు, దారులు తెలిసిన రకం. "షో ఐపీ రూట్" అని కొడితే నెట్‌లో ప్రతి కంప్యూటరుకీ ఉండే అంకెల చిరునామాల్లో దేనికి వెళ్ళేదాన్ని ఎటు పంపాలో వరసగా చూపిస్తుంది. పై వరసలు మన గదిలో కంప్యూటర్లవి. ఆఖరి వరసలో అన్నీ సున్నాలే. పైవాటిలో దేనికీ చెందని చిరునామా ఏదొచ్చినా, బయటి నుంచి ఇంటర్నెట్టు తెచ్చే మోడెంకేసి తోసెయ్యమని దాని అర్థం. బయటి ప్రపంచమంతా ఆ ఒక్క వరసలోనే ఉంది.

కొబ్బరికాయ కొట్టాక ఈ పట్టికను గర్వంగా అందరికీ చూపించాను. అదే నా ఖర్మ.

"ఆఖర్న ఈ సున్నాలేంటండి?" అన్నారు బావగారు.

"తెలియనివన్నీ అటు పోవాలండి."

"శుభమా అని మొదలెడతా సున్నాలా! పెళ్ళిలో వంద చదివిస్తామా? నూటపదహారు పెట్టండి."

"ఇవి చదివింపులు కాదండి బాబూ!" అనేసి పురోహితుణ్ణి సాగనంపడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి, పొద్దున శుభ్రంగా ఆడిన ఇంటర్నెట్టులో ఒక్క పేజీ తెరుచుకుంటే ఒట్టు. ఎరువులాయన లేచి టేపు తీశాడు. గబగబా పట్టిక తెరిచాను. సున్నాల వరస లేదు! ఆ చోట 116తో మొదలయ్యే చిరునామాలకు మాత్రం మోడెం దారి ఉంది. మిగతా లోకానికి దారే లేదు.

బీటెక్ కంప్యూటర్లు చదువుతున్న బావగారి కూతురు నేల చూపులు చూస్తోంది.

"నాన్నగారు మార్చమన్నారు మావయ్యా."

"నువ్వు చదివేది కంప్యూటర్లేగా? ఇది చెప్పలేదా మీకు?"

"ఆరో యూనిట్‌లో ఉంది మావయ్యా. ఛాయిస్‌లో వదిలేశాను."

సున్నాల వరస మళ్ళీ ఎక్కించాను. పేజీలు చకచకా తెరుచుకున్నాయి. నూటపదహారును పీకేద్దామనుకుంటే బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఉంటే నష్టమేమీ లేదు, రెండు దారులూ వెళ్ళేది ఆ మోడెంకే. గది ఆయనది కదా, ఉంచేశాను.

"చూశారా, నూటపదహారు పడ్డాకే ఆడింది" అన్నారు బావగారు ఎరువులాయనతో. ఆయన టేపు చుట్టేసి, పులిహోర పొట్లం రెండోది కూడా అడిగి మరీ పట్టుకెళ్ళాడు.

సెంటరు ఏళ్ళపాటు నడిచింది. ఇప్పటికీ ఏ పెళ్ళి పందిట్లో కనిపించినా బావగారు ఆ కథ అలాగే చెబుతారు. అసలు సంగతి ఇదీ అని నేను ఆ పట్టికను మొదటి వరస నుంచీ వివరించబోతే, అందరూ భోజనాలకు లేచిపోతారు.