అద్దాల మేస్త్రి తడిగుడ్డ

తెల్లవారి వీధి ఇంకా ఆవలిస్తూ ఉండగానే అద్దాల మేస్త్రి చేతిలో తడిగుడ్డ ఉండేది. ముఖం కడుక్కుని, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు దేవుణ్ణి తలుచుకుని, గుడ్డ తడిపి గట్టిగా పిండి, మేడమీది గదిలోంచి కింద ఉన్న కొట్లోకి మెట్లు దిగేవాడు. గోడకు ఆనించిన నిలువుటద్దాలు, చట్రాల కోసం ఎదురుచూసే కిటికీ పలకలు, ఎవరో తీసుకెళ్ళడం మరిచిన గుండ్రటి ముఖమద్దం, అన్నిటినీ వరసగా తుడిచేవాడు. ముందు తడిగుడ్డ, వెనకాలే ఉండచుట్టిన పాత పేపరు. ఆ తర్వాత ఓరగా నిలబడి, తల కాస్త వంచి, వెలుతురుకు అడ్డంగా చూసేవాడు. మరక కనబడిందా, మళ్ళీ మొదటికి. నలభై ఏళ్ళుగా ఒక్క పూట తప్పలేదు.

"పైవాడు మనల్ని కిటికీలోంచి చూస్తున్నాడనుకో, మసక మనవైపు ఉండకూడదు కదా" అనేవాడు ఎవరైనా అడిగితే.

వీధిలో ఆయనకు మరకల మేస్త్రి అని పేరు పడింది. ఆయన వస్తున్నాడంటే టీ కొట్టు యజమాని, "గ్లాసులు ఇంకోసారి కడగండ్రోయ్, పరీక్షాధికారి వచ్చాడు" అని కేకేసేవాడు. మేస్త్రి నవ్వేవాడు. నవ్వుతూనే గ్లాసు ఎత్తి వెలుతురులోకి చూసేవాడు.

ఒంటరి ఇల్లు. భార్య పోయి చాలాకాలమైంది. అలాంటి ఇంటికి, ఆస్పత్రిలో నర్సుగా చేసే కూతురు ఈ ఊరికి బదిలీ అయి, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అల్లుడు వంతెనల పనిమీద ఊరూరా తిరిగే మనిషి, నెలకోసారి కనబడతాడు. పెద్దది ఆరేళ్ళ ఆడపిల్ల. చిన్నోడికి నాలుగు.

మనవలు వచ్చారని మేస్త్రికి కాళ్ళు నేలమీద ఆనలేదు. కాని అద్దాల ఇల్లు పిల్లల ఇల్లు కాదు. మెట్ల పక్కన అద్దం, తలుపు వెనక అద్దం, మంచం కింద కూడా గోనెపట్టా కప్పిన అద్దం. వచ్చిన మొదటి రోజే ఆయన వాళ్ళకు నడవడం నేర్పాడు. "చేతులు వెనక్కి. ఆ, అలా. ఒక చేతిని ఇంకో చెయ్యి పట్టుకోవాలి. అప్పుడు ఏదీ పగలదు, ఎవరికీ కోసుకోదు." పిల్లలు బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరిగారు, తనిఖీకొచ్చిన చిన్న చిన్న అధికారుల్లా. కూతురు చూసి నవ్వింది. తర్వాత మరో రోజు చూసి నవ్వలేదు.

రోజూ సాయంత్రం ఆరు కాగానే చిన్నోడు తన బూట్లు తనే తొడుక్కుని, కుడిది ఎడమకు ఎడమది కుడికి, తలుపు దగ్గర నిలబడేవాడు.

"ఇంక మన ఇంటికి పోదామా?"

"ఇదే మన ఇల్లు కదరా" అనేది తల్లి.

"ఇది తాతయ్యిల్లు" అనేవాడు వాడు, ఎంతో మర్యాదగా.

ఆ మాట మేస్త్రి గుండెలో గాజుపెంకులా దిగి అక్కడే ఉండిపోయింది. పైకి తీద్దామంటే చేతికి దొరకదు, వదిలేద్దామంటే కదిలినప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఈ పసివాడి నోట ఒక్కసారి 'మన ఇల్లు' అనిపించు స్వామీ అని పొద్దుటి రెండు నిమిషాల్లో అదొక్కటే అడిగేవాడు.

వీధి చివర రంగుచేపల కొట్టుంది. దాన్ని నడిపే ఆమెను అందరూ చేపలక్క అంటారు. బడి నుంచి వస్తూ పెద్దది అక్కడ ఆగిపోయేది. లోపల పచ్చటి వెలుతురు, బుడగల చప్పుడు. పిల్ల ముక్కు అద్దానికి ఆనించి, రెండు చేతులూ అద్దంమీద పరిచి నిలబడితే, చేపలు ఆ వేళ్ళ దగ్గరికే వచ్చి తోకలాడించేవి. తమ ఇంట్లో ఎన్నడూ ముందుకు రాని ఆ చేతుల్ని మేస్త్రి అక్కడ చూశాడు. మర్నాడే గాజు కోశాడు.

రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు. ఐదు పలకలు. అంచులు సానరాయితో రుద్ది రుద్ది, తన బుగ్గకు రాసుకుని చూసుకున్నాడు, ఎక్కడా గీరుకోకూడదని. మూలలకు సిలికాన్ గమ్ము పట్టించి వేలితో ఒకే ఊపులో లాగాడు. రెండు రోజులు ఇల్లంతా పుల్లటి వాసన వేసింది. తర్వాత నీళ్ళు నింపి, కింద పొడి పేపరు పరిచి, రాత్రీ పగలూ అలా ఉంచాడు. పేపరు మీద చుక్క తడి లేదు.

"నాన్నా, చేపలక్క దగ్గర ఉన్నవి కూడా నువ్వు కట్టిన తొట్లే కదూ?" అంది కూతురు.

నిజమే. ఇరవై ఏళ్ళుగా ఆమెకు తొట్లు కట్టి ఇచ్చాడు. కాని గాజు ఆయనది, నీళ్ళు ఆమెవి. ఒక్క చేపనైనా పెంచి ఎరగడు. అందుకే పిల్లలిద్దర్నీ తీసుకుని సలహాకు వెళ్ళాడు.

"బాబాయ్, ఇవాళ చేపల్ని ఇవ్వను" అంది చేపలక్క, నడుంమీద చేతులు పెట్టుకుని.

"అదేంటమ్మాయ్, తొట్టి సిద్ధంగా ఉందిగా."

"తొట్టి సిద్ధమే. నీళ్ళు పచ్చివి. నీళ్ళు పండాలి. మూడు వారాలు ఆగు. కుళాయి నీళ్ళు బకెట్లో రెండు రోజులు ఉంచి, మందు వాసన పోయాక పొయ్యి. రోజూ చిటికెడు మేత వెయ్యి, చేపలున్నట్టే."

"లేని చేపలకి మేతా?" అంది పెద్దది.

"మరి! ఎవరో కంటికి కనబడనివాళ్ళు తినాలిగా" అంటూ ఆమె తన పాత తొట్టిలో చెయ్యి పెట్టి, గోధుమరంగు జిగట కారుతున్న స్పాంజి ఒకటి తీసి, నీళ్ళ సంచిలో వేసి మేస్త్రి చేతిలో పెట్టింది. "ఇది మా పాత తొట్టి ప్రాణం. గాలి మోటారుకి తగిలించు. దీంట్లో ఉండే సూక్ష్మజీవులే చేపల మురికిని తిని నీళ్ళని కాపాడతాయి. అడిగినవాళ్ళందరికీ ఇవ్వను."

మేస్త్రి సంచిని బొటనవేలితో, చూపుడువేలితో మాత్రమే పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఆ మూడు వారాలూ ఇంట్లో కల నడిచినట్టు నడిచాయి. తొట్టి కిటికీ పక్కన ఉండేది. మధ్యాహ్నం వేళ ఎండ దాన్లోంచి దూరి, నీళ్ళ వెలుగు గోడెక్కి, పైకప్పు మీద మెల్లగా పాకేది. "నీళ్ళు నడుస్తున్నాయి" అని చిన్నోడు వెల్లకిలా పడుకుని చూసేవాడు. వాడి పొట్టమీద, అక్క జడమీద, పక్కన కూర్చున్న తాతయ్య అరచేతిలో అదే వెలుగు అల్లాడేది. కొట్లో బేరాలుంటే ఉండనీ అని మేస్త్రి అక్కడే కునికిపాట్లు పడేవాడు. కళ్ళు మూస్తే తానూ నీళ్ళ అడుగున ఉన్నట్టు, చప్పుళ్ళన్నీ పైనెక్కడో దూరంగా సాగుతున్నట్టు ఉండేది. రోజూ పెద్దది చిటికెడు మేత వేసేది. చిన్నోడు తొట్టిలోకి తేరిపార చూసి, "తిన్నాయి" అని చెప్పేవాడు. వాళ్ళిద్దరికీ ఆ చేపలు కనబడుతూనే ఉన్నట్టుండేది. కనబడనివాణ్ణి రోజూ తలుచుకునే మేస్త్రికి ఇందులో వింతేమీ తోచలేదు.

మూడు వారాలయ్యాక నిజం చేపలు మూడు వచ్చాయి. వేలెడైనా లేని గప్పీలు. ఒకదానికి నారింజ తోక, ఒకదానికి నీలం, మూడోదానికి ఏ రంగూ లేదు గాని అదే అందరికంటే హుషారు. ఆ రోజు మేస్త్రి పిల్లల్ని పిలిచి, "ఈ ఒక్క అద్దాన్ని మాత్రం ముట్టుకోవచ్చు" అన్నాడు. వెనక ఉన్న చేతులు నాలుగూ ఒక్కసారి ముందుకొచ్చాయి. సాయంత్రం ఆరయింది. చిన్నోడు బూట్ల సంగతే మరిచిపోయాడు.

అలా వారం గడిచింది. అంతా బాగానే ఉంది. బాగుండడమే ఆయన్ని ఊరుకోనివ్వలేదు. పొద్దున కొట్టు తుడిచి పైకి వచ్చేసరికి తొట్టి అద్దంమీద వేలిముద్రలు, ముక్కు మరకలు ఉండేవి. వాటిని సరే, తుడిచేసేవాడు. లోపలి ఆ స్పాంజి మాత్రం ఆయన కంట్లో నలుసైంది. తన చేతి గాజులో, తన మనవల కళ్ళముందు, ఎవరిదో జిగటా! ఒక సెలవురోజు పొద్దున అందరూ నిద్రలేవకముందే చేపల్ని గిన్నెలోకి తీసి, స్పాంజిని కుళాయి కింద సోడాపొడి వేసి పిసికాడు. గోధుమరంగు పోయి పసుపు, పసుపు పోయి తెలుపు వచ్చేదాకా పిసికాడు. రాళ్ళకు వేడినీళ్ళు పోశాడు. తొట్టి లోపల మూలమూలా తోమాడు. నీళ్ళన్నీ మార్చాడు. పిల్లలు లేచేసరికి తొట్టి ఉందో లేదో తెలియనంత స్వచ్ఛంగా ఉంది. చేపలు గాలిలో ఈదుతున్నట్టున్నాయి.

"అబ్బ!" అన్నారు పిల్లలు. మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మూడో రోజుకు నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేపలు మూడూ పైకొచ్చి, నోళ్ళు తెరిచి, నీటి అంచున గుటకలు వేస్తున్నాయి. హుషారుది కూడా. మేస్త్రి వంగి చూశాడు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో పెద్దది నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని.

"ఎందుకలా నిలబడ్డావు తల్లీ?"

"నేనే తాతయ్యా." తల వంచుకుంది. "అద్దం ముట్టుకున్నా కదా. ఒకసారి వేలు కూడా లోపల పెట్టా. నా చేతుల మురికే."

దాని వెనకాల చిన్నోడు మెట్లమీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు.

మేస్త్రి ఇద్దరి చేతులూ పట్టుకుని చేపల కొట్టుకు నడిచాడు. దారిలో టీ కొట్టు యజమాని ఏదో హాస్యమాడబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు.

చేపలక్క అంతా విని ఒక్కటే అడిగింది. "స్పాంజిని ఏం చేశావు బాబాయ్?"

"కడిగాను."

"ఎలా?"

"తెల్లగా." ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతులో రవంత గర్వం మిగిలే ఉంది.

చేపలక్క నెత్తి కొట్టుకుంది. "తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారు చూడు, అది సామెతే అనుకున్నా ఇన్నాళ్ళూ! నీళ్ళని కాపాడేవాళ్ళందర్నీ కుళాయి కింద పంపించేశావు. ఇప్పుడు ఆ చేపల మురికి ఎవరు తినాలి, నువ్వా?"

చిన్నోడికి నవ్వొచ్చింది గాని, అక్కను చూసి ఆపుకున్నాడు. మేస్త్రి అక్కడే, తడి నేలమీదే, మోకాళ్ళమీద కూర్చున్నాడు. పెద్దదాని చేతుల్ని వెనకనుంచి ముందుకు తెచ్చి తన అరచేతుల్లో పెట్టుకున్నాడు.

"విన్నావుగా. నీ చేతులు కావమ్మా. ఇవి." తన చేతులు చూపించాడు. గాజు కోసిన పాత గాట్లతో, సోడాకు పాలిపోయి ఉన్నాయి. "తప్పు నాది."

పిల్ల ఆయన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పెద్దవాళ్ళు కూడా చేస్తారా?"

"పెద్ద పెద్దవి చేస్తాం" అంది చేపలక్క, అప్పటికే తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి. ఈసారి వచ్చిన స్పాంజి మొదటిదాని కంటే జిడ్డుగా, ముదురుగా ఉంది. "ఇదిగో, ఇంకో ప్రాణం. నిలవ నీళ్ళు ఉన్నాయా ఇంట్లో?"

"రెండు బకెట్లు" అంది పెద్దది. మేస్త్రికి తెలియకుండానే అది రోజూ కుళాయి నీళ్ళు పట్టి ఉంచుతోందట.

"నా తల్లే! మూడో వంతు నీళ్ళు తీసి అవి పొయ్యండి. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. రెండు రోజులు మేత వద్దు. ఇక పైవాడి దయ, వాటి ఓపిక. పరుగెత్తండి."

స్పాంజి సంచిని ఈసారి మేస్త్రి రెండు చేతులతో, కడుపుకు ఆనించి పట్టుకున్నాడు. వీధిలో సగం దూరం వచ్చేసరికి తిరగేసి తొడుక్కున్న బూట్లతో ముందు పరుగెడుతున్న చిన్నోడు వెనక్కి తిరిగి అరిచాడు.

"తొందరగా నడు తాతయ్యా! మన ఇంటికి పోదాం!"

మేస్త్రికి కళ్ళముందు వీధంతా తొట్టిలో నీళ్ళలా తేలింది. ఆగి ఒక్క క్షణం ఆ మాటను మళ్ళీ వినాలనిపించింది. కాని ఆగే వేళ కాదు. నడిచాడు.

మర్నాడూ నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఆ మర్నాడు కాస్త పలచబడ్డాయి. నాలుగో రోజు పొద్దున మేస్త్రి కొట్టు తుడిచి మెట్లెక్కి వచ్చేసరికి, తొట్టిలో నీళ్ళకు ఆ ముందరి తళుకు లేదు గాని, తేట ఉంది. నారింజ తోకా, నీలం తోకా అడుగున రాళ్ళ మధ్య తిరుగుతున్నాయి. రంగులేనిది స్పాంజి దగ్గర చేరి దాన్ని పొడుస్తోంది, ఆకలి మీద ఉన్న పసివాడిలా. ఆయన కళ్ళు మూసుకుని, ఆనాటి రెండు నిమిషాల మీద ఇంకో నిమిషం కలిపాడు.

కళ్ళు తెరిచేసరికి ఎండ తొట్టిమీద పడింది. అద్దంమీద ఐదు వేళ్ళు, పక్కన ఇంకో ఐదు చిన్న వేళ్ళు, మధ్యలో ఒక ముక్కు. తడిగుడ్డ ఉన్న చెయ్యి దానంతటదే లేచింది. గాలిలో ఆగింది. కిందికి దిగనంటుంది. నలభై ఏళ్ళ చెయ్యి, చెప్పిన మాట వింటుందా?

పెద్దది అప్పుడే లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి పక్కన నిలబడింది. గుడ్డ వంకా, తాతయ్య వంకా చూసింది.

"నాకో సాయం చేస్తావా తల్లీ?" అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"రోజూ పొద్దున నేను పైకి రాగానే ఈ గుడ్డ నా చేతిలోంచి లాగేసుకుని ఎక్కడైనా దాచెయ్యి. ఎక్కడో నాకు చెప్పకు. నేనడిగినా ఇవ్వకు."

"బతిమాలితే?"

"బతిమాలినా ఇవ్వకు."

పిల్ల కాసేపు ఆలోచించి, చెయ్యి చాచింది.