కొల్లేటి ముంపులో ఢిల్లీ చలి

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో నా వయసువాళ్ళు ఎవరిని కదిపినా చెబుతారు. దొరికిన ఉద్యోగానికి బయల్దేరడం అంతకన్నా కష్టమని మాత్రం ఎవరూ చెప్పరు. బయల్దేరలేకపోయినవాళ్ళు ఆ సంగతి నలుగురిలో చెప్పుకోరు కదా. నేను చెప్పుకుంటున్నాను, నవ్వితే నవ్వండి. ధాన్యం కొనే నాథుడు లేక గాదెలు అలాగే ఉండిపోయిన ముప్ఫైల నాటి మాట ఇది. స్కూలు ఫైనలు ప్యాసైన నాలాంటి కుర్రాళ్ళు అరుగుల మీద కూచుని కాళ్ళూపుకునేవాళ్ళం. "ఏం చేస్తున్నావు బాబూ?" అని ఎవరైనా అడిగితే "చూస్తున్నానండి" అనేవాళ్ళం. ఏం చూస్తున్నామో వాళ్ళూ అడిగేవారు కాదు, మాకూ తెలిసేది కాదు. మా ఊరు కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున. మాకున్న నాలుగెకరాలూ పల్లం. నాట్లు మేము వేసేవాళ్ళం, ఏడాది విడిచి ఏడాది కోత మాత్రం కొల్లేరే కోసుకునేది. అంచేత నాకు ఉద్యోగం వస్తేనే మా ఇంట్లో పొయ్యి నమ్మకంగా వెలిగేది. ఇది మా నాన్నగారికి తెలుసు, అమ్మకి ఇంకా బాగా తెలుసు.

అలాంటి సమయంలో, ఆషాఢమాసంలో, ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మకి పిన్ని కొడుకు ఒకాయన అక్కడ సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. మేము ఢిల్లీ మామయ్య అనేవాళ్ళం. తన ఆఫీసులో గుమాస్తా ఖాళీ ఒకటి పడబోతోందనీ, మీ వాణ్ణి దసరా లోపల పంపితే తాను చూసుకుంటాననీ రాశాడు. పాపం, ఆశపెడదామని చివర ఇంకో మాట చేర్చాడు. ఎండాకాలం ఆఫీసు మొత్తం సిమ్లా కొండ ఎక్కుతుందట, చలికాలం మళ్ళీ ఢిల్లీ దిగుతుందట, రెండు ఊళ్ళూ చూడొచ్చట. ఆ చివరి మాటే నా కొంప ముంచింది.

మా ఇంట్లో దూరప్రాంతాల సంగతులకి అధికారి మా కాశీ తాతయ్య. నాన్నగారికి పినతండ్రి. ఒకసారి మాఘమాసంలో కాశీ వెళ్ళి, గంగలో మూడు మునకలేసి, పదకొండు రోజులు జలుబుతో పడుకుని తిరిగొచ్చాడు. అప్పట్నించీ వాల్తేరు అవతల ఉన్న భూమండలమంతా ఆయన చేతి కిందకొచ్చింది. (కాశీలో ఇష్టమైనదేదో వదిలేసి రావాలి కదా, ఆయన కాకరకాయ వదిలేశాడు. చిన్నప్పట్నించీ ఆయన కాకరకాయ ముట్టి ఎరగడని అమ్మ నా చెవిలో చెప్పింది.) ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"దొరలకే కాలు నిలవని ఊరురా అది!" అన్నాడు. "ఎండకి తాళలేక సిమ్లా పారిపోతున్నారు. చలికి తాళలేక మళ్ళీ ఢిల్లీ పారిపోతున్నారు. ఏడాది పొడుగునా పరుగే. సర్కారే భరించలేనిది మన పిల్లాడు భరిస్తాడా?"

"అది సరేనండి," అన్నారు నాన్నగారు, "ఆ ఊళ్ళో ఏరు పొంగితే నీళ్ళు ఎటు లాగుతాయంటారు?"

కొల్లేటివాళ్ళం ఏ ఊరి గురించైనా మొదట అడిగేది ఇదే. మా వైపు పిల్లనిచ్చేటప్పుడు కూడా పిల్లాడి చదువుకన్నా ముందు వాళ్ళ వాకిలి మెరకా పల్లమా అని అడుగుతారు. కాశీ తాతయ్యకి యమున సంగతి తెలీదు, అయినా తెలీదని చెప్పడం ఆయనకి అలవాటు లేదు. "ఎటూ లాగవు. గడ్డ కట్టేస్తాయి" అన్నాడు.

ఇక నేనేం చేశానయ్యా అంటే, అందరికన్నా ఎక్కువ చేశాను. బళ్ళో చదివిన భూగోళం తీసి, ఒక నోటుబుక్కులో నిలువుగా గీత గీసి, ఎడమపక్క "లాభములు", కుడిపక్క "నష్టములు" అని రాశాను. శీతోష్ణస్థితి అనే మాట ఆ వయసులో నాకు భలే నచ్చింది. ఆ మాట నోరారా పలుకుతుంటే ఎంత పెద్దవాళ్ళయినా తలూపేవారు. ఎడమపక్క "ఉద్యోగము" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ పడలేదు. కుడిపక్క చలి, ఎండ, వడగాడ్పు, దుమ్ము, హిందూస్తానీ, గోధుమ రొట్టె. భూగోళం ప్రకారం మా ఊరిది సమశీతోష్ణము. అంటే ఏమిటో మా దోమలకి తెలుసు.

చివరికి కాశీ తాతయ్యే ఒక మార్గం చెప్పాడు. ఒక మండలం పాటు ఇక్కడే అలవాటు చేయాలి, తట్టుకుంటే పంపాలి. నలభై రోజులూ తెల్లవారకముందే చెరువు స్నానం, పూటపూటా గోధుమ రొట్టె, ఒంటిమీద ఉన్నికోటు. నాన్నగారు ఏలూరు వెళ్ళి, తివాచీలు నేసేవాళ్ళని బతిమాలి ఉన్నిబట్ట నేయించి కోటు కుట్టించుకొచ్చారు. అది తొడుక్కుంటే చేతులు కిందకి దిగేవి కావు. విప్పి గోడకి ఆనిస్తే నాకన్నా నిటారుగా నిలబడేది. శ్రావణమాసపు ఉక్కలో ఆ కోటేసుకుని అరుగు మీద కూచుంటే, ఢిల్లీ చలి ఎలా ఉంటుందో తెలీలేదు గాని ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి.

గోధుమల కథ ఇంకా అన్యాయం. మా వైపు అప్పట్లో గోధుమంటే తిండి కాదు, మందు. అతిమూత్రం జబ్బు పట్టుకున్న పెద్దవాళ్ళకి వైద్యులు అన్నం మాన్పించి పెట్టించే పథ్యం అది. అమ్మకి రొట్టె చేయడం ఎవరు నేర్పారు గనక? ఆవిడ చేసింది అప్పడానికి అన్న, దిబ్బరొట్టెకి తమ్ముడు. నేను దాన్ని పప్పులో నానబెట్టి అన్నంలా కలుపుకుని తింటుంటే పక్కింటి పిన్ని చూసింది. "అయ్యో అక్కా, నిండా ఇరవయ్యేళ్ళు లేవు, అప్పుడే పిల్లాడికి ఆ జబ్బేంటండీ!" అని కళ్ళు ఒత్తుకుంది. ఢిల్లీకి అలవాటు చేస్తున్నామని అమ్మ ఎంత చెప్పినా, జబ్బు దాచుకోవడానికి చెప్పే మాటనుకుంది. ఆ కబురు పది రోజుల్లో గణపవరం చేరింది. అక్కణ్ణించి నాకు పెళ్ళిమాటలకి రాబోతున్నవాళ్ళు "పిల్ల ఇంకా చిన్నదండీ" అని చెప్పి పంపారు. (ఆ మాఘంలోనే ఆ పిల్లకి పెళ్ళయింది. అయిదారు నెలల్లో ఎదిగిందేమో.)

మండలం పూర్తయింది. నేను తట్టుకున్నానా లేదా అన్నది ఎవరూ తేల్చలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"అందరూ ఏదేదో అంటున్నారు గాని, నీకు వెళ్ళాలనుందా, లేదా?"

"చలి చాలా ఎక్కువటే అమ్మా."

"నేనడిగింది చలి సంగతి కాదురా" అని, మళ్ళీ చెరగడంలో పడింది. నాకెందుకో కోపమొచ్చింది. ఇన్నాళ్ళ శాస్త్రీయ పరిశీలన ఈవిడకి అర్థం కాలేదని లేచిపోయాను.

ఆ సాయంత్రమే సందేహాలన్నీ ఢిల్లీ మామయ్యనే అడిగేద్దామని తీర్మానమైంది. నా రాత కోడి కెలికినట్టుంటుంది, అంచేత తెడ్డుని పిలిచాను. తెడ్డు నాతో కైకలూరు బళ్ళో చదివాడు. చేపలు పట్టేవాళ్ళబ్బాయి. పొడుగ్గా, సన్నగా ఉంటాడని బళ్ళో అందరం అలా పిలిచేవాళ్ళం. నాతోపాటే స్కూలు ఫైనలు ప్యాసై, తండ్రితో దోనె మీద వలలేసుకుంటున్నాడు. వాడి గురించి సభలు చేసేవాళ్ళు ఎవరూ లేరు. రాత మాత్రం ముత్యాలకోవ. ఊళ్ళోవాళ్ళ అర్జీలూ కాగితాలూ వాడే రాసిపెట్టేవాడు. నేను చెబుతుంటే వాడు రాశాడు. మొత్తం పద్దెనిమిది ప్రశ్నలు. చలికాలమున తలనూనె గడ్డకట్టునా, కట్టినచో తలంటు ఎట్లు? బియ్యము దొరకునా, దొరికినచో కొత్తవా పాతవా? మజ్జిగ తోడుకొనునా? ఏరు పొంగినచో నీరు ఎటు పోవును? (ఇది నాన్నగారిది.) సిమ్లాలో దయ్యములు గలవా? (ఇది తాతయ్యది.) పద్దెనిమిదోది, చివర గుర్తొచ్చి చేర్చింది: ఉద్యోగములో ఏమి పని చేయవలెను?

అంతా రాసి, కాగితాలు రాసే అలవాటు కొద్దీ, తెడ్డు అడుగున "దస్తూరి" అని పెట్టి తన అసలు పేరు, తండ్రి పేరు రాశాడు. మా వైపు ఏ కాగితానికైనా రాసినవాడి పేరు అడుగున ఉండాల్సిందే. అది ఇంటి ఉత్తరానికి అక్కర్లేదని నాకు గాని వాడికి గాని తోచలేదు.

భాద్రపదంలో బుడమేరూ తమ్మిలేరూ ఒకేసారి వచ్చి కొల్లేట్లో పడ్డాయి. ఆ నీళ్ళని సముద్రంలోకి దించే ఉప్పుటేరు లాగలేకపోయింది. మూడో రోజుకి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. అది మాకు కొత్త కాదు. మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, పొయ్యి ఒక మంచం మీదకీ, మనుషులం ఇంకో రెండిటి మీదకీ ఎక్కాం. ఇల్లు మునిగిన కాశీ తాతయ్య కూడా మా మంచం మీదకే వచ్చాడు. పని లేదు, ఎటూ కదలడానికి లేదు. కాబట్టి ఢిల్లీ విషయం మళ్ళీ మొదలైంది. కింద నీళ్ళలో ఒక మట్టగిడస చేప మా మంచం కోడు చుట్టూ తిరుగుతోంది. తాతయ్య కాళ్ళు పైకి ముడుచుకుని, చేత్తో దోమలు తోలుకుంటూ, తీర్పు చెప్పాడు.

"మనిషన్నవాడు బతకదగ్గ శీతోష్ణస్థితి కాదురా అది."

"నిజమేనండి," అన్నారు నాన్నగారు, పంచె పిండుకుంటూ. "ఇక్కడయితే నెల తిరక్కుండా నీళ్ళు తీసేస్తాయి."

నేను కూడా తలూపాను. ఆ మంచం మీద కూచుని, తెలివిగా, గంభీరంగా తలూపాను.

అప్పుడే వాకిట్లోకి దోనె వచ్చింది. తపాలా ఆయన్ని తెడ్డే ఎక్కించుకొచ్చాడు. ఢిల్లీ కార్డు. నాన్నగారు అందుకుని పైకి చదివారు.

"మీ ప్రశ్నలు అందినవి. ఇక్కడి ఉద్యోగము నకళ్ళు రాయుట, శీతోష్ణస్థితి పరీక్షించుట కాదు. ప్రశ్నలు అడిగిన కుర్రవానిని అక్కడే భద్రముగా ఉంచుకొని, దస్తూరి చేసిన కుర్రవానిని వెంటనే పంపవలెను."

తాతయ్యే ముందు తేరుకుని "పోనీలే, గండం గడిచింది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ మొదట అలాగే అనిపించింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ హాయి ఎంతసేపో లేదు. అమ్మ నా మొహంలోకి చూసింది, ఆ హాయి ఆవిడ చూసేసిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. తెడ్డు దోనెలో నిలబడి గడకర్ర రెండు చేతులా పట్టుకుని, "ఆయ్, నాకేం తెలీదండి. అది ఆడి ఉద్యోగం అండి, నేనెళ్ళను" అన్నాడు. వెళ్ళమని నేనే చెప్పాను. గట్టిగా చెప్పాననుకుంటాను. వాడి తండ్రికి కబురు చెబితే ఆయన చలి సంగతీ అడగలేదు, ఏరు సంగతీ అడగలేదు. "ఆయ్, బండెన్నింటికండి?" అన్నాడు.

రెండు రోజుల్లో ఇద్దరం దోనె మీద కొల్లేరు దాటి ఏలూరు చేరాం. వాడి సంచీలో రెండు చొక్కాలు, పైన మా అమ్మ ఇచ్చిన ఆ కోటు. బెజవాడ వెళ్ళే బండి మధ్యాహ్నం వచ్చింది. వాడు ఎక్కి కిటికీ దగ్గర కూచున్నాడు. బండి ఈల వేశాక నా చెయ్యి పట్టుకున్నాడు. ఎండ మాడ్చేస్తోంది, వాడి చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

"భయంగా ఉందిరా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. "నేనెప్పుడూ బెజవాడ కూడా చూళ్ళేదురా."

"ఏం కాదురా," అన్నాను నేను. "చలి అంత ఉండదులే. అక్కడా మనలాంటి మనుషులేగా ఉండేది."

మూడు నెలల పాటు నాకు నేను ఒక్కసారి కూడా చెప్పుకోని మాట అది, వాడికి చెప్పడానికి క్షణం పట్టలేదు. బండి కదిలింది. వాడు ఏడుస్తూనే వెళ్ళాడు. ఏడుస్తూనే వెళ్ళి, నకళ్ళు రాసి, పెద్ద గుమాస్తా అయి, తమ్ముళ్ళిద్దర్నీ చదివించి, తండ్రికి మెరక మీద పెంకుటిల్లు కట్టించాడు. నేను మరుసటేడు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో చేరాను. ఊకదుమ్ములో తుమ్ముకుంటూ అక్కడే ఉద్యోగం ముగించాను. పెద్ద కష్టమేం పడలేదు. మా ఇంట్లోనూ పొయ్యి వెలిగింది. అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

చాలా ఏళ్ళ పాటు తెడ్డుకి భయం లేదు, నాకుంది, అంచేత వాడు వెళ్ళాడు, నేనుండిపోయాను అని సరిపెట్టుకునేవాణ్ణి. అది కూడా అబద్ధమే. ఆ కిటికీ దగ్గర నేను కళ్ళారా చూశాను కదా, వాడికి నాకన్నా ఎక్కువే భయం. తేడా అల్లా, వాడు దాన్ని భయం అన్నాడు, నేను శీతోష్ణస్థితి అన్నాను. ఇప్పుడు మిల్లు లేదు, ఉద్యోగం లేదు. అరుగు మీద కూచుని అప్పుడప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటూ ఉంటాను, మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఎంతో తెలిసినవాడిలా తలూపుతున్నవాణ్ణి. ముందు నవ్వొస్తుంది. ఆ తరువాత, వెనకనుంచి వెళ్ళి వాడి వీపు మీద చెయ్యేసి, "ఏం కాదురా" అని ఒక్క మాట చెప్పి రావాలనిపిస్తుంది.