సొంత ఖర్చు

పరాయి దేశంలో, సాల్మియాలో నేను పనిచేసిన క్లినిక్కులో మందులివ్వాలంటే, మన దేశపు ఫార్మసిస్టుల సంఘంలో సభ్యత్వం ఏటేటా పొడిగించుకోవాలి. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. రుసుము మాత్రం నా జేబులోంచే పోవాలి. అది క్లినిక్కే ఇవ్వాలని మేనేజరుతో నాలుగేళ్ళు ఇదే పోట్లాట.

"ఇక్కడ జీతం మీద పన్నే లేదు. ఇంకేం రాయితీ కావాలమ్మా నీకు?" అన్నాడు చివరిసారి.

రసీదు నకలు జతచేసి ఇంకో అర్జీ రాసి ఆయన బల్ల మీద పడేసి వచ్చాను. ఆ వారమే ఇరాక్ సైన్యం దిగింది. మందుల అల్మారాలతో సహా క్లినిక్కును లారీలకెక్కించి పట్టుకుపోయారని విన్నాను. నా అర్జీ ఎక్కడుందో అడగడానికి మేనేజరు కూడా మిగల్లేదు.

హవల్లీలో నేనుండే గదికి రాయచోటి మనిషి ఒకామె వచ్చి చేరింది. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు సౌదీకి పారిపోతూ కారులో చోటు లేదన్నారట. పాస్‌పోర్టు వీసా ఇచ్చి పిలిపించుకున్న కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. జోర్డాన్‌కు బస్సు దొరికిందని తెలిసిన రోజున, నేను రసీదులను సంచి అస్తరులో పెట్టి కుడుతున్నాను.

"ఏం కాయితాలక్కా అవి? బంగారం మాదిరి కుడ్తాండావు."

"సభ్యత్వం రసీదులు. ఇవి లేకపోతే మన దేశంలో కూడా నన్ను పనిలో పెట్టుకోరు."

"అంటే, పని జేసేదానికి నువ్వే దుడ్లు కట్టాల్నా?"

"కట్టాలి."

"నన్నీడికి పంపిన ఏజెంటు గూడా నా దగ్గర అట్లే తీసుకున్న్యాడు. సదువుకున్నోళ్ళకు అట్లుండదనుకుంటి."

నాకు మండిపోయింది. సంఘం వేరు, ఏజెంటు వేరు అని అరగంట వాదించాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ ఊ కొట్టింది. ఆ ఊ కొట్టడంలో ఒప్పుకోలు లేదు.

అమ్మాన్ దగ్గర ఇద్దరం ఒకే గుడారంలో, ఒకే దుప్పటిలో పడుకున్నాం. విమానాల దగ్గర విడిపోయాం.

హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సభ్యత్వం గడువు దాటిందని సంఘం జరిమానా వేసింది. యుద్ధం వాళ్ళ నిబంధనల్లో లేదు. అదీ కట్టాను. కనీసం ఇక్కడ పన్ను ఉంది కదా, అందులో తగ్గించుకోవచ్చని ఫారంలో రాసి, రసీదు జతచేసి అకౌంట్సు గుమాస్తాకిచ్చాను.

"ఇది కుదరదు మేడమ్. సొంతంగా షాపు పెట్టుకున్నవాళ్ళకైతే వ్యాపార ఖర్చు కింద పోతుంది. జీతగాళ్ళకు రాదు."

"సభ్యత్వం లేకపోతే రేపు నన్ను కౌంటర్లో నిలబడనిస్తారా?"

"ఎలా నిలబడనిస్తారు?"

"మరి ఇది ఎవరి ఖర్చు?"

"మీ సొంత ఖర్చు మేడమ్."

పన్ను లేని చోట పన్ను లేదని ఇవ్వలేదు. పన్ను ఉన్న చోట జీతగత్తెనని ఇవ్వలేదు.

"ఏజెంటు కూడా ఇలాగే అంటాడు" అన్నాను.

"ఏ ఏజెంటు మేడమ్?"

హవల్లీలో ఆ అరగంట నేను అనవసరంగా వాదించాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు ఆ రాయచోటి ఆమె ఎదురుగా లేదు. ఎక్కడుందో కూడా తెలియదు. గుమాస్తా నేను రాసిన వరుసను ఎర్ర సిరాతో కొట్టేసి, ఫారం నా వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. పెట్టాను.